నడుం కీలులో చీము: అరుదైన ఇన్‌ఫెక్షన్, ఆలస్యంగా తేలే రోగం

నడుం నొప్పి తెలియని ఇల్లు ఉండదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారని గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అధ్యయనం అంచనా వేసింది. మనుషుల్ని పనికి దూరం చేసే అనారోగ్యాల్లో దీనిదే మొదటి స్థానం. అయితే వీరిలో ఎక్కువ మందికి ప్రమాదమేమీ ఉండదు. కొద్ది రోజులో, కొన్ని వారాలో ఇబ్బంది పెట్టి నొప్పి దానంతటదే తగ్గుతుంది.

ఇంత పెద్ద గుంపులో కలిసిపోయి కనిపించే కొద్దిమంది రోగుల గురించి ఈ కథనం. వీళ్లకూ నడుమే నొప్పి పెడుతుంది. కానీ కారణం కండ పట్టేయడం కాదు, డిస్క్ జరగడం కాదు. వెన్నుపూసల వెనక భాగంలో ఉండే చిన్న కీళ్లలో బ్యాక్టీరియా చేరి చీము పడుతుంది. వైద్యులు దీన్ని 'సెప్టిక్ ఫాసెట్ ఆర్థ్రైటిస్' అంటారు. సకాలంలో గుర్తిస్తే చాలా మందికి యాంటీబయాటిక్స్‌తోనే నయమవుతుంది. గుర్తించకపోతే చీము నరాల దాకా పాకి కాళ్లు చచ్చుబడవచ్చు, రక్తంలోకి విస్తరించి ప్రాణం మీదికి తేవచ్చు.

మన దేశంలో ఈ రోగికి రెండు పొరపాటు పేర్లు ఎదురవుతాయి. మొదటి వారాల్లో 'డిస్క్', ఆ తర్వాత 'టీబీ'. రెండూ ఇక్కడ నిజంగానే ఎక్కువగా కనిపించే జబ్బులు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

నడుం 'పట్టేసింది' అని తెలుగులో అంటాం. తమిళంలో 'ఇడుప్పు పిడిచ్చుకిచ్చు' అన్నా, కన్నడలో 'సొంట హిడిదిదె' అన్నా అదే క్రియ. హిందీలో 'కమర్ అకడ్ గయీ' అంటే బిగుసుకుపోయిందని. ఏ భాషలో చెప్పినా ఆ ఒక్క మాటలోనే కండ నొప్పి, డిస్క్ నొప్పి, చీము నొప్పి అన్నీ ఇమిడిపోతాయి. వాటిని విడదీయాల్సింది రోగి కాదు, అతన్ని చూసే డాక్టరు.

ఇది ఏ కీలు?

వీపు మధ్యలో చేత్తో తడిమితే వరుసగా గట్టిగా తగిలేవి వెన్నుపూసల వెనక కొమ్ములు. వాటికి అటూ ఇటూ, మందపాటి కండల అడుగున ఫాసెట్ కీళ్లు ఉంటాయి. నడుము భాగంలో ఐదు వెన్నుపూసలు. పైపూసను కింది పూసతో, చివరి పూసను త్రికాస్థితో కలుపుతూ ఒక్కో మెట్టుకు రెండు చొప్పున మొత్తం పది కీళ్లు. మనం వెనక్కి వంగినా, పక్కకు తిరిగినా ఎంతవరకు తిరగాలో అదుపు చేసేవి ఇవే.

నడుము అనగానే అందరికీ డిస్క్ గుర్తొస్తుంది. కానీ డిస్క్‌కూ ఈ కీలుకూ నిర్మాణంలో చాలా తేడా ఉంది. పెద్దవాళ్లలో డిస్క్‌కు నేరుగా రక్త ప్రసరణ దాదాపు ఉండదు. ఫాసెట్ మాత్రం మోకాలి లాంటి కీలు. మృదులాస్థి ఉంటుంది, లోపల పలచని పొర ఉంటుంది, కాస్త జిగురు ద్రవం ఉంటుంది. ఆ పొరకు రక్తనాళాలు దండిగా ఉంటాయి. రక్తంలో తిరుగుతున్న క్రిమి మోకాలిలో ఎలా దిగుతుందో ఇక్కడా అలాగే దిగుతుంది. మోకాలైతే వాచి, ఎర్రబడి పైకి కనిపిస్తుంది. ఇది లోతున ఉంటుంది కాబట్టి కనిపించదు. తేడా అంతే.

ఈ కీలుకు ముందువైపు పచ్చటి లిగమెంటు ఒకటి ఉంటుంది. దాని అవతల వెన్ను కాలువ. చీము ఎక్కువైతే వెనక్కి వస్తే వీపు కండల్లో గడ్డ కడుతుంది, ముందుకు వెళితే వెన్ను కాలువలో గడ్డ కడుతుంది. నడుము దగ్గర వెన్నుపాము ఉండదు. అది మొదటి నడుం పూస దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి గుర్రం తోకలా జారే నరాల కుచ్చు ఉంటుంది. కాళ్ల బలం, మలమూత్రాల మీద అదుపు, జననాంగాల స్పర్శ అన్నీ ఆ కుచ్చులోనే ఉంటాయి. చీము వెళ్లి నొక్కేది దాన్నే.

క్రిమి ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్కువ కేసుల్లో దోషి స్టాఫైలోకాకస్ ఆరియస్. చర్మం మీద, ముక్కులో చాలా మందికి ఏ హానీ చేయకుండా ఉండే బ్యాక్టీరియా ఇది. సెగగడ్డ, మధుమేహ రోగి పాదం మీద మానని పుండు, డయాలసిస్ కోసం వేసిన గొట్టం, ఆస్పత్రిలో రోజుల తరబడి ఉంచేసిన సెలైన్ సూది, ఇలా ఏ దారి దొరికినా రక్తంలోకి వస్తుంది. దాని తర్వాతి స్థానం స్ట్రెప్టోకాకస్ జాతులది. వృద్ధుల్లో మూత్ర నాళ ఇన్‌ఫెక్షన్ నుంచి ఈ.కోలై లాంటివీ రావచ్చు. కొందరిలో ఇన్‌ఫెక్షన్ మొదట గుండె కవాటం మీద స్థిరపడి, అక్కడి నుంచి నడుముకు చేరుతుంది. అందుకే రక్తంలో స్టాఫ్ దొరికిన ప్రతి నడుం రోగికీ గుండె ఎకో పరీక్ష అవసరమా అని వైద్యులు ఆలోచిస్తారు.

రెండో దారి నేరుగా వెళ్లేది. నడుములో వేసే ఇంజెక్షన్లు, శస్త్రచికిత్స, అరుదుగా ఆక్యుపంక్చర్ సూదులు. 2012లో అమెరికాలో ఒక మందుల తయారీ కేంద్రం నుంచి వెళ్లిన కలుషిత స్టెరాయిడ్ ఇంజెక్షన్లు 20 రాష్ట్రాల్లో 753 మందిని రోగగ్రస్తుల్ని చేశాయి. 64 మంది చనిపోయారు. అక్కడి క్రిమి బ్యాక్టీరియా కాదు, ఫంగస్. అయినా వెన్ను దగ్గర దిగే సూది ఎంత శుభ్రంగా ఉండాలో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

ఈ జబ్బుకు వైద్య సాహిత్యంలో వయసు తక్కువే. ఫాసెట్ కీలులో చీము గురించి బ్రిటన్ ఎముకల వైద్య పత్రికలో 1987లో వచ్చిన నివేదికను తొలి కేసుగా ఉటంకిస్తుంటారు. అంతకు ముందు ఈ జబ్బు లేదని కాదు. అప్పటికి ఎంఆర్‌ఐ అందుబాటులోకి రావడం మొదలైంది, లోపల ఏముందో కనిపించింది. వెన్ను చీము ఇన్‌ఫెక్షన్లలో ఇది 4 శాతమని ఒక పరిశోధక బృందం లెక్క తేలిస్తే, దాదాపు 20 శాతం ఉంటుందని తర్వాత మరో బృందం చెప్పింది. రెండు లెక్కల మధ్య ఐదు రెట్ల తేడా ఉందంటే, వెతికిన చోట ఎక్కువగా దొరుకుతోందని నేను అర్థం చేసుకుంటున్నాను.

మన వైపు చూస్తే ఈ జబ్బుకు అనువైన శరీరాలు పెరుగుతున్నాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించింది. దీనికి తోడు డయాలసిస్ మీద ఉన్నవారు, కీళ్లవాతానికో ఉబ్బసానికో ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడేవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, మద్యానికి బానిసైనవారు.

నొప్పి ఎలా ఉంటుంది?

సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. డిస్క్‌లో ఇన్‌ఫెక్షన్ అయితే మెల్లగా, వారాల మీద పెరుగుతుంది. ఫాసెట్‌లో అయితే చాలా మందికి గంటల్లో, రోజుల్లో తీవ్రమవుతుంది. మంచం మీద పక్కకు తిరగలేరు. వెనక్కి వంగితే, నడుం తిప్పితే ప్రాణం పోయినట్టు ఉంటుంది. వెన్ను మధ్యలో కాకుండా పక్కన, ఒక చోట వేలితో నొక్కితే అదిరిపడతారు. నొప్పి పిర్రలోకి, తొడ దాకా దిగవచ్చు. అప్పుడు అందరూ 'సయాటికా' అనేస్తారు.

పడుకున్నా తగ్గకపోవడం అసలు సూచన. మామూలు నడుం నొప్పి వెల్లకిలా పడుకుని కాళ్లు మడిస్తే కొంతైనా సర్దుకుంటుంది. చీము నొప్పి రాత్రి కూడా నిద్రపోనివ్వదు.

జ్వరం చాలా మందిలో ఉంటుంది, అందరిలో కాదు. వృద్ధుల్లో, షుగర్ రోగుల్లో, స్టెరాయిడ్లు వాడేవారిలో థర్మామీటర్ మామూలుగానే చూపించవచ్చు. నొప్పి బిళ్లలు కూడా జ్వరాన్ని అణిచేస్తాయి. డైక్లోఫెనాక్, పారాసెటమాల్ పూటకొకటి వేసుకుంటున్న మనిషిని 'జ్వరం ఉందా' అని అడిగితే లేదనే అంటాడు. రాత్రుళ్లు చెమటలు, ఆకలి చచ్చిపోవడం, ఉన్నట్టుండి షుగర్ అదుపు తప్పడం లాంటివి అడిగి తెలుసుకోవాలి.

సూదితో వచ్చే చిక్కు

తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, ఉత్తరప్రదేశ్‌లోనైనా బంగ్లాదేశ్‌లోనైనా పల్లెలో నడుం పట్టేసిన మనిషి మొదట వెళ్లేది స్పెషలిస్టు దగ్గరికి కాదు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ, అక్కడ మరో పేరుతో మరొకరు. సాయంత్రానికి పనిలోకి దిగాలి, లేకపోతే ఆ రోజు కూలి పోతుంది. 'సూది వేయండి' అని రోగే అడుగుతాడు. ఆ సూదిలో తరచూ నొప్పి మందుతో పాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలుస్తుంది.

మామూలు నడుం నొప్పిలో దీనివల్ల పెద్ద లాభం లేకపోయినా మనిషి బతికిపోతాడు. లోపల చీము ఉంటే లెక్క మారుతుంది. స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది కాబట్టి ఒకటి రెండు రోజులు బాగుందనిపిస్తుంది. అదే సమయంలో క్రిమితో పోరాడే శక్తిని తగ్గిస్తుంది, షుగర్‌ను పెంచుతుంది. ఐదో రోజు నొప్పి ఇంకా పెద్దగా తిరిగొస్తుంది. అప్పుడు మరో సూది. 'ఆయుర్వేదం' ముద్రతో అమ్మే కొన్ని కీళ్ల నొప్పుల పొడుల్లోనూ చెప్పకుండా స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు పరీక్షల్లో బయటపడ్డాయి. ఇవి వాడేవారికి తాము స్టెరాయిడ్ మీద ఉన్నామన్న సంగతే తెలియదు.

ఇంకో చిక్కు యాంటీబయాటిక్‌ది. జ్వరం ఉందని మూడు రోజులు ఏదో ఒక బిళ్ల ఇస్తారు. ఆ మోతాదు కీలులోని చీమును చంపలేదు. కానీ తర్వాత పెద్దాస్పత్రిలో రక్తం కల్చర్‌కు పంపితే క్రిమి పెరగకుండా చేయడానికి అది సరిపోతుంది. ఏ క్రిమో తెలియదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. అక్కడి నుంచి వైద్యం ఊహ మీద నడుస్తుంది.

టీబీనా, చీమా?

వెన్ను టీబీకి ఆధునిక వైద్యంలో పేరు పెట్టింది ఇంగ్లండ్ సర్జన్ పెర్సివల్ పాట్ 1779లో రాసిన వర్ణన. 'పాట్స్ స్పైన్' అని ఇప్పటికీ అంటున్నాం. దాని చికిత్స చరిత్రలో మాత్రం భారత్‌ది పెద్ద పాత్ర. వెన్ను టీబీని ఆపరేషన్ లేకుండా మందులతో నయం చేయగలమా అని తేల్చిన పరిశోధనల్లో కొన్ని మద్రాసులో జరిగాయి. వారణాసిలో పనిచేసిన ఎముకల వైద్యుడు ఎస్.ఎం. తులి 1975లో ప్రచురించిన 'మధ్యే మార్గం' పద్ధతి, అంటే అందరికీ మందులు, అవసరమైన వారికే కత్తి, పేద దేశాల్లో లక్షల మందిని అనవసర ఆపరేషన్ల నుంచి కాపాడిన ఆలోచన.

ఇంత అనుభవం ఉన్న దేశం కాబట్టే వెన్నులో ఇన్‌ఫెక్షన్ అనగానే మన వైద్యుల మనసు టీబీ వైపు వెళుతుంది. ప్రపంచంలోని టీబీ కేసుల్లో నాలుగో వంతు ఇక్కడే ఉన్నాయి. అనుమానం తప్పు కాదు. అనుమానాన్నే నిర్ధారణగా తీసుకుని నమూనా తీయకుండా మందులు మొదలుపెట్టడమే తప్పు.

టీబీ నడక వేరు. నెలల మీద నెమ్మదిగా వస్తుంది. వెన్నుపూస ముందు భాగాన్ని, డిస్క్ పక్క అంచుల్ని తింటుంది. ఫాసెట్ లాంటి వెనక భాగాలను పట్టడం చాలా తక్కువ. టీబీ కట్టే గడ్డ పెద్దదైనా నొప్పి అంతగా ఉండకపోవచ్చు. వైద్యులు దాన్ని 'చల్లటి గడ్డ' అనేది అందుకే. ఒక పక్క కీలులో వారంలోనే నిలువునా పడగొట్టే నొప్పి వచ్చి, సీఆర్‌పీ బాగా పెరిగి ఉంటే అది టీబీ కాకపోయే అవకాశమే ఎక్కువ. కానీ ఎంఆర్‌ఐ బొమ్మల్లో రెండూ ఒకదానికొకటి దగ్గరగా కనిపించే సందర్భాలు లేకపోలేదు.

ఊహ మీద టీబీ మందులు మొదలుపెడితే జరిగేది ఇది. ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ టీబీ క్రిమినే కాదు, స్టాఫైలోకాకస్‌ను కూడా కొంతవరకు చంపుతుంది. రోగికి మొదటి వారాల్లో కాస్త నెమ్మదిస్తుంది. 'చూశారా, టీబీయే' అనుకుంటారు. తర్వాత ఒంటరిగా పోరాడుతున్న రిఫాంపిసిన్‌కు స్టాఫ్ త్వరగా నిరోధకత తెచ్చుకుంటుంది, జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు 'ఇది మందులకు లొంగని టీబీ ఏమో' అన్న మరో ఊహ బయల్దేరుతుంది. వెన్ను టీబీకి దేశీయ మార్గదర్శకాల ప్రకారం చికిత్స కనీసం 12 నెలలు, అవసరమైతే 18 నెలలు. లేని జబ్బుకు ఏడాది పైగా, కాలేయాన్ని కనిపెట్టుకుంటూ, రోజూ బిళ్లలు మింగడం చిన్న శిక్షేం కాదు.

ఇదే వలలో పడే మరో జబ్బు బ్రూసెల్లోసిస్. పశువుల నుంచి వస్తుంది. ఈనిన, ఈసుకుపోయిన గేదెలను చేత్తో పట్టేవారికి, పచ్చి పాలు తాగేవారికి, పశువైద్య సిబ్బందికి, కబేళాల్లో పనిచేసేవారికి ముప్పు. ఇది నడుము వెన్నును, తుంటి కీళ్లను ఇష్టపడుతుంది, వచ్చిపోయే జ్వరంతో నెమ్మదిగా నడుస్తుంది. దీనికీ రిఫాంపిసిన్ పనిచేస్తుంది కాబట్టి టీబీతో గందరగోళం ఇంకా ఎక్కువ. వెన్నులో చేరితే డాక్సీసైక్లిన్‌తో పాటు మరో మందు కలిపి కనీసం మూడు నెలలు వాడాలి. గాలికుంటుతో పాటు బ్రూసెల్లోసిస్‌ను అరికట్టేందుకు కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో 4 నుంచి 8 నెలల వయసు ఆడ దూడలకు టీకా వేస్తారు. మనిషి నడుముకు దూడ టీకాకు సంబంధం ఉందంటే నవ్వొస్తుంది కానీ, ఉంది.

ఇక మెలియాయిడోసిస్. తడి నేలలో, వరి మడుల నీళ్లలో బతికే బ్యాక్టీరియా. వానాకాలంలో, షుగర్ ఉన్న రైతుల్లో, కూలీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కర్ణాటక తీరం, తమిళనాడు, శ్రీలంక, బంగ్లాదేశ్‌ల నుంచి కేసులు వస్తూనే ఉన్నాయి. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాల సమయంలో అధికారులు అనుమానించిన జబ్బుగా ఈ పేరు తెలుగు వార్తల్లోకి ఎక్కింది. ఇది ఊపిరితిత్తుల్లో టీబీలా, ఎముకల్లో స్టాఫ్‌లా నటిస్తుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగదు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ రక్తనాళంలోకి ఇవ్వాలి, తర్వాత నెలల తరబడి బిళ్లలు.

ఒకే నడుము, నాలుగు క్రిములు, నాలుగు వేర్వేరు వైద్యాలు. ఎంఆర్‌ఐ బొమ్మ చూసి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం పందెం వేయడమే. 'నమూనా తీశారా? ఏయే పరీక్షలకు పంపారు?' అని రోగి బంధువులు అడగదగ్గ ప్రశ్న. నమూనా తీయడం అసాధ్యమైన రోగులు, తీసినా ఏమీ దొరకని రోగులు ఉంటారు. వారిలో ఊహ మీద మందులు తప్పవు. ఆ మాట రోగికి చెప్పి, ఎన్ని వారాల్లో మెరుగు కనిపించకపోతే మళ్లీ ఆలోచిస్తారో ముందే నిర్ణయించుకోవడం వేరు, ఫైలు మీద 'పాట్స్ స్పైన్' అని రాసి పంపేయడం వేరు.

ఏ పరీక్ష ఎప్పుడు?

ఎక్స్‌రే మొదటి రెండు మూడు వారాల్లో ఏమీ చూపించకపోవచ్చు. అది 'నార్మల్' అని వచ్చిందంటే ఇన్‌ఫెక్షన్ లేదని కాదు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చిన్న పట్టణంలోనూ దొరికే చవక రక్త పరీక్షలు. సీఆర్‌పీ మామూలుగా ఉంటే చీము ఉండే అవకాశం తగ్గుతుంది. పెరిగి ఉంటే మరింత వెతకాలి. తెల్లరక్తకణాల సంఖ్య మాత్రం నమ్మదగ్గది కాదు, చాలా మందిలో పెరగదు.

తేల్చి చెప్పేది ఎంఆర్‌ఐ. జబ్బు మొదలైన కొద్ది రోజుల్లోనే కీలులో ద్రవం, చుట్టూ వాపు, కండల్లో గడ్డ, వెన్ను కాలువలో చీము కనిపిస్తాయి. కాంట్రాస్ట్ ఇచ్చి తీస్తే స్పష్టత పెరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో దానికి జాగ్రత్తలున్నాయి. అయితే ఇక్కడో మెలిక. ఏ లక్షణాలూ లేని ఆరోగ్యవంతులను స్కాన్ చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో విశ్లేషిస్తే, 20 ఏళ్ల వారిలో 30 శాతం మందికి, 80 ఏళ్ల వారిలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. అంటే నడిమి వయసు మనిషి ఎవరిని స్కాన్ చేసినా రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అన్న మాట ఉండే అవకాశం ఎక్కువ. ఆ మాట దొరకగానే వెతకడం ఆగిపోతుంది. స్కాన్ చీటీ మీద 'నడుం నొప్పి' అని మాత్రమే రాయకుండా 'జ్వరం, షుగర్, సీఆర్‌పీ ఇంత, ఇన్‌ఫెక్షన్ అనుమానం' అని రాసి పంపితే రేడియాలజిస్టు కళ్లు డిస్క్ దాటి వెనక కీళ్ల మీదికి వెళతాయి. ఖర్చు లేని మెరుగుదల ఇది.

యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రెండు మూడు విడతలుగా రక్తం కల్చర్‌కు తీయాలి. అందులో క్రిమి దొరక్కపోతే సీటీ స్కాన్ చూపే దారిలో సూది దించి కీలు నుంచి ద్రవం తీస్తారు. ఆ కొద్దిపాటి ద్రవాన్ని మామూలు కల్చర్‌కు, టీబీ కోసం జీన్‌ఎక్స్‌పర్ట్‌కు, టీబీ కల్చర్‌కు, ముక్క దొరికితే మైక్రోస్కోపు పరీక్షకు పంచాలి. అంతా కలిపి ఒకే ఫార్మలిన్ సీసాలో వేస్తే కల్చర్ ఇక సాధ్యం కాదు, క్రిములు అందులోనే చస్తాయి.

రోగి నిలకడగా ఉంటే నమూనా దొరికేదాకా ఒకటి రెండు రోజులు మందులు ఆపడంలో తప్పు లేదు. రక్తపోటు పడిపోతున్నా, కాళ్లు బలహీనపడుతున్నా ఆగకూడదు. రక్తం తీసిన వెంటనే మందు ఎక్కించాలి.

వైద్యం ఆరు వారాలు

దొరికిన క్రిమిని బట్టి మందు. మామూలు స్టాఫ్ అయితే సెఫజోలిన్ లాంటి పాత, చవక మందే ఉత్తమం. మెథిసిలిన్‌కు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అయితే వాంకోమైసిన్ లాంటివి. ఐసీఎంఆర్ నిఘా వ్యవస్థలోని ఆస్పత్రుల్లో ఇటీవలి సంవత్సరాల నివేదికల ప్రకారం స్టాఫ్ ఆరియస్ నమూనాల్లో నలభై శాతానికి పైగా ఎంఆర్‌ఎస్‌ఏయే. కల్చర్ లేకపోతే డాక్టరు పెద్ద మందుతోనే మొదలుపెట్టి దానితోనే ముగించాల్సి వస్తుంది. కల్చర్ ఉంటే సగానికి పైగా రోగులు చవక మందుకు మారగలరు.

ఎన్నాళ్లు? వెన్నుపూసల చీము ఇన్‌ఫెక్షన్ మీద ఫ్రాన్స్‌లో జరిగిన, 2015లో లాన్సెట్ ప్రచురించిన పరిశోధనలో ఆరు వారాల చికిత్స పన్నెండు వారాల దానికి తీసిపోలేదు. ఆ ఆరు వారాలూ రక్తనాళంలోకే ఎక్కించాలా అన్న ప్రశ్నకు బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా ఎముక, కీళ్ల ఇన్‌ఫెక్షన్ రోగులపై జరిగి 2019లో వెలువడిన 'ఓవివా' పరిశోధన బదులిచ్చింది. సరైన బిళ్లలు ఎంచుకుంటే తొలి ఆరు వారాల్లో నోటి మందులూ అంతే పనిచేశాయి. వరంగల్ నుంచో శ్రీకాకుళం నుంచో నగరానికి వచ్చి నెలన్నర ఆస్పత్రి పక్కన గది అద్దెకు తీసుకునే కుటుంబానికి ఈ రెండు ఫలితాల విలువ రూపాయల్లో తెలుస్తుంది. అయితే రక్తంలో స్టాఫ్ ఉన్నా, గుండె కవాటం పట్టినా, తీయని గడ్డ మిగిలినా, క్రిమి ఏదో తెలియకపోయినా ఈ సౌలభ్యం అందరికీ వర్తించదు.

కండల్లో గడ్డ పెద్దదైతే సూదితో లేదా గొట్టంతో చీము తీస్తారు. ఆపరేషన్ కొందరికే అవసరం.

ఆ కొందరు ఎవరో తెలుసుకోవడం ముఖ్యం. మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం లేదా ఎంత ప్రయత్నించినా రాకపోవడం, మలం మీద అదుపు తప్పడం, సైకిల్ సీటుకు ఆనే భాగమంతా మొద్దుబారడం, పాదం పైకెత్తలేకపోవడం. నడుం నొప్పితో ఉన్న మనిషిలో వీటిలో ఏది కొత్తగా కనిపించినా రేపటి ఓపీ కోసం ఆగే సమయం కాదు. అదే రోజు ఎంఆర్‌ఐ, న్యూరోసర్జన్ లేదా వెన్ను సర్జన్ ఉన్న చోటికి వెళ్లాలి. నరం పూర్తిగా చచ్చుబడ్డాక చీము తీసినా బలం తిరిగి రాకపోవచ్చు.

కోలుకునే క్రమంలో

వైద్యం సరిగ్గా పడితే నొప్పి మొదటి వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. సీఆర్‌పీని వారానికోసారి చూస్తే అది దిగుతున్న తీరు తెలుస్తుంది. ఈఎస్‌ఆర్ నింపాదిగా దిగుతుంది. ఆరు వారాల పాటు మంచానికే అతుక్కుపోనక్కర్లేదు, నొప్పి ఓర్చుకోగలిగినంత లేచి తిరగమనే ఇప్పటి సలహా. కొందరికి ఆ కీలు అరిగిపోయి, వెనక్కి వంగినప్పుడు మొండి నొప్పి మిగులుతుంది. షుగర్ ఉన్నవారిలో ఈ ఆరు వారాలూ ఇన్సులిన్ మోతాదు తరచూ మార్చాల్సి రావచ్చు.

రోగుల్ని బాగా కంగారుపెట్టేది రెండో ఎంఆర్‌ఐ. మనిషి లేచి నడుస్తున్నాడు, జ్వరం లేదు, సీఆర్‌పీ మామూలుకు వచ్చింది. అయినా స్కాన్‌లో ఎముక వాపు అలాగే ఉంటుంది, ఒక్కోసారి పెరిగినట్టూ కనిపిస్తుంది. ఎముక బొమ్మ మనిషి కంటే వారాలు వెనకబడి మారుతుంది. అందుకే బాగవుతున్న రోగికి అలవాటుగా మళ్లీ స్కాన్ తీయించొద్దని అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నొప్పి తిరగబెడితే, సీఆర్‌పీ దిగకపోతే, కాళ్లలో కొత్త బలహీనత వస్తే అప్పుడు తీయాలి.